వేలి మీద వాలేదాకా

ఆమెని ఇంట్లో అందరూ బొంగరం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మ. పెట్టినప్పుడు ముద్దుగానే పెట్టింది, పోనుపోను తల పట్టుకుని పిలిచేది. పిల్లని పీట మీద కూర్చోబెడితే పీటకి కాళ్ళొచ్చేవి. చాప మీద పడుకోబెడితే తెల్లారేసరికి చాప ఒక గోడ దగ్గరా, పిల్ల ఇంకో గోడ దగ్గరా తేలేవి. జడ వేయాలంటే తల్లి ఒక పాయ పట్టుకుని గదంతా తిరగాల్సిందే. స్కూల్లో గోడకుర్చీ వేయిస్తే కుదురులేక వీపుతో రుద్ది రుద్ది సున్నమంతా ఊడగొట్టింది, శిక్ష గోడకి పడింది. ఇందులో కాస్త అతి ఉండొచ్చు. బొంగరం గురించి చెప్పేవాళ్ళంతా కాస్త అతిగానే చెబుతారు, నాకూ అదే అలవాటైంది.

పెద్దయ్యాక ఉద్యోగం కూడా ఆ కాళ్ళకి తగ్గదే దొరికింది. వీధి వీధీ తిరిగి కరెంటు మీటర్లు చూసి బిల్లు కొట్టే పని. మెట్ల కింద చీకట్లో, చెప్పుల స్టాండు వెనక, సైకిళ్ళు అడ్డంపెట్టిన మూలల్లో, బల్లులు కాపురం చేసే చెక్కపెట్టెల్లో ఎవరి మీటరు ఎక్కడుందో ఆమెకి కొట్టినపిండి. గేటు తీస్తూనే "మీటరమ్మా" అని కేకేసేది. ఇంటివాళ్ళు తలుపు తీసేలోపు చేతిలో మిషను చిటచిటమని కాగితం కక్కేది. ఎవరైనా జాలిపడి "ఎండలో వచ్చారు, కాసేపు కూర్చోండి" అంటే మంచినీళ్ళు నిలబడే తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, వాళ్ళు రెండో మాట అనేలోపు పక్కింటి గేటు దగ్గరుండేది. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్ కాకుండానే బయటికొచ్చి సైకిల్ స్టాండువాడితో కబుర్లు పెట్టుకునేది. భర్త లారీ ఆఫీసులో గుమాస్తా, కుర్చీకి అతుక్కుపోయే మనిషి. ఇద్దర్నీ కలిపి సగం చేస్తే ఒక మామూలు మనిషి వస్తాడని చుట్టాలు నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషిని ఒక మధ్యాహ్నం వాళ్ళ వదిన ఆస్పత్రి వార్డులో ఇనప స్టూలు మీద కూర్చోబెట్టింది.

"సాయంత్రం నేనొచ్చేదాకా లేవకూడదు" అంది వదిన.

"లేవను."

"నువ్వు లేస్తే మళ్ళీ చేతులు కట్టేస్తారు."

"లేవనన్నాగా వదినా."

"నిన్ను నమ్మక కాదు."

"నమ్మకపోయినా ఏం అనుకోనులే. నా మీద నాకే నమ్మకం లేదు."

వదిన నవ్వబోయి మానేసింది. మూడు రోజులుగా అదే స్టూలు మీద ఉండి ఆమె నడుము పట్టేసింది, కళ్ళు పీక్కుపోయాయి, చీర కుచ్చిళ్ళు ఎక్కడున్నాయో ఆమెకే తెలీదు. ఇంటికెళ్ళి ఒళ్ళు కడుక్కుని కాసేపు నడుం వాల్చకపోతే ఈసారి పక్క మంచం ఆమెకే వేయాలి. వెళ్తూ వెళ్తూ నర్సు దగ్గర ఆగింది. "మా ఆడపడుచు ఉంటుంది సిస్టర్. ఒకవేళ తను లేచి వెళ్తే మాత్రం ఆలోచించకుండా కట్టేయండి" అంది. బొంగరానికి వినబడేలాగానే అంది. బొంగరానికి చురుక్కుమంది.

మంచం మీద ఉన్నది అన్నయ్య. కడుపులో పేగు మెలిక పడి, రాత్రికి రాత్రి పెద్ద ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మనిషి మనిషిలో లేడు. కళ్ళు తెరిచే ఉంటాడు, ఎవర్నీ పోల్చడు. ఈ వయసులో మత్తు ఇచ్చాక కొందరికి ఇలా అవుతుందనీ, నాలుగు రోజులు చూస్తే దానంతటదే సర్దుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. ఆ నాలుగు రోజులు గడవడమే కష్టంగా ఉంది. ముక్కులోంచి కడుపులోకి ఒక గొట్టం వేశారు. అన్నయ్య దాన్ని అప్పటికే ఒకసారి పీకేశాడు. ఇంకోసారి పీకితే లోపల కుట్లు విడిపోవచ్చు. విడిపోతే మళ్ళీ కొయ్యాలి. మళ్ళీ కోస్తే ఈ గుండె తట్టుకోదని డాక్టరు వదినని పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

అందుకని చేతులు మంచం కడ్డీలకి గాజుగుడ్డతో కట్టేశారు. కట్టేస్తే ఇంకా పెనుగులాడాడు. మణికట్లు వాచి, తోలు లేచి, వేళ్ళు నల్లబడ్డాయి. ఆ వేళ్ళు అద్దాలు కోసే వేళ్ళు. ఫోటోలకి ఫ్రేములు కట్టే చిన్న దుకాణం అతనిది. బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి, వజ్రపు మొన ఉన్న కలంతో ఒక్క గీత గీస్తాడు. రెండోసారి గీసే పని ఉండదు, ఎందుకంటే రెండోసారి గీస్తే అద్దం మాట వినదు, తన ఇష్టమొచ్చినట్టు పగులుతుంది. గీత మీద బొటనవేలితో చిన్న నొక్కు నొక్కితే టక్కుమని రెండు ముక్కలవుతుంది. ఆ చేతుల్ని అలా చూడలేక వదిన ఏడిస్తే నర్సు కట్లు విప్పింది. విప్పుతూ ఒక షరతు పెట్టింది. ఎప్పుడూ ఒక మనిషి పక్కనే కూర్చుని చేతులు కాచుకోవాలి, మనిషి లేచిందంటే కట్టు పడుతుంది.

బొంగరం స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే అరికాళ్ళలో జిల మొదలైంది.

ఆమెకి భయంగా ఉంది. అన్నయ్య ఏమవుతాడోనన్న భయం ఎలాగూ ఉంది, అంతకన్నా ఎక్కువగా తను లేస్తానేమోనని భయం. అమ్మ పోయినరోజు ఇలాంటి వార్డే. అమ్మ మంచం పక్క ఇలాగే కూర్చుని ముళ్ళ మీద ఉన్నట్టు మెదులుతుంటే అన్నయ్యే అన్నాడు, "నువ్వలా వెళ్ళి టీ తాగి రావే, నేనున్నాగా" అని. వెళ్ళింది. టీ తాగి, ఇంకాసేపు కాళ్ళు చాచుకుందామని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగి వచ్చేసరికి అన్నయ్య వార్డు బయట నిలబడి ఉన్నాడు. అమ్మ చివర్లో బొంగరమేదని అడిగిందట. ఆ మాట ఎవరో చుట్టపామె చెప్పింది, అన్నయ్య మాత్రం ఈరోజు వరకూ చెప్పలేదు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది.

ఇప్పుడు చేతులు కాచుకోవడమంటే ఏమిటో ఆమెకి తెలీదు. తెలిసిందల్లా గట్టిగా పట్టుకోవడం. రెండు చేతులూ రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది. అన్నయ్య మొహం చిట్లించి, "వదులు, వదలవయ్యా" అని ఎవరినో కసిరాడు. ఎంత పట్టుకుంటే అంత మెలితిరిగాడు. మంచం కిర్రుకిర్రుమంది. వాచిన మణికట్టు తన గుప్పిట్లో కాలిపోతోంది. కౌంటరు దగ్గర నర్సు తలెత్తి చూసింది. బొంగరం గాభరాపడి అతని కుడిచెయ్యి వదిలేసి, అది గొట్టం మీదికి పోతే అడ్డుకుందామని తన చెయ్యి ముక్కు దగ్గర కాపలా పెట్టింది.

చెయ్యి గొట్టం మీదికి పోలేదు. గాల్లోకి లేచింది. నాలుగు వేళ్ళూ ముడుచుకుని చూపుడువేలు ఒక్కటే నిటారుగా నిలబడింది. అన్నయ్య చూపు ఫ్యాను దగ్గరెక్కడో ఉంది. అద్దం కోసేటప్పుడు వెంట్రుకవాసి కదలని చెయ్యి సన్నగా వణుకుతోంది. అలా కాసేపు ఎదురుచూసి, ఇక లాభం లేదన్నట్టు విసుగ్గా చెయ్యి మొహం మీదికి పడేశాడు. పడ్డచోట గొట్టం తగిలింది. దాన్ని పట్టుకుని లాగబోయాడు. ఆమె గబుక్కున అడ్డుకుంది.

మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ వేలు నిలబడింది. మళ్ళీ విసుగు, మళ్ళీ గొట్టం.

"దేవుణ్ణి పిలుస్తున్నట్టున్నాడు పాపం" అన్నాడు పక్క మంచం డ్రైవరుగారు. ఆయన తమ్ముడికి తోడుగా వచ్చిన రిటైర్డ్ బస్సు డ్రైవరు, వార్డులో ఎవరేం చేసినా దానికొక వ్యాఖ్యానం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "నిన్నట్నుంచీ అంతే. పైకి చూపిస్తాడు, చెయ్యి దించేస్తాడు."

ఈసారి చెయ్యి లేచినప్పుడు ఆమె అతని చూపుడువేలి వంక కాకుండా బొటనవేలి వంక చూసింది. అది పక్కనే, కొద్దిగా వంగి, ఎప్పుడు ముయ్యాలా అని పొంచి ఉంది. ఆ వంపు ఆమె చిన్నప్పుడు చూసిందే. అన్నయ్య పిలుస్తున్నది ఏ దేవుణ్ణీ కాదు.

వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ వెనక పనివాళ్ళకి వరసగా గదులు, గదుల వెనక ఖాళీ జాగా. గొట్టాల్లోంచి కారే నీళ్ళన్నీ అక్కడికే చేరి నడి వేసవిలో కూడా మడుగు ఎండేది కాదు. దాని పక్కన తుప్పుపట్టిన ముళ్ళకంచె. ఎండ ఎక్కేసరికి ఆ ముళ్ళ మీద తూనీగలు వాలేవి. ఎర్రవి, పసుపువి, బూడిదరంగువి, రెక్కలు ఉన్నాయో లేవో తెలీనంత సన్నవి. గదుల్లో పిల్లలంతా అక్కడే పడి ఉండేవాళ్ళు. అందరిదీ ఒకటే పద్ధతి. వెనకనుంచి ఊపిరి బిగబట్టి వెళ్ళి, తోక పట్టుకోవడం, దారం కట్టి ఎగరేయడం. పది ప్రయత్నాల్లో తొమ్మిదిసార్లు తూనీగ పోయేది, పదోసారి తోక తెగేది.

అన్నయ్య పద్ధతి వేరు. ఒక్కో తూనీగకి ఒక్కో ముల్లు సొంతమని వాడొక్కడే కనిపెట్టాడు. లేపితే లేస్తుంది, మడుగు మీద ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఆ ముల్లు మీదికే వస్తుంది. అది లేవగానే అన్నయ్య వెళ్ళి ఆ ముల్లు ముందు తన చూపుడువేలు నిలబెట్టి తనూ నిలబడేవాడు. చెమట కళ్ళలోకి కారినా తుడుచుకునేవాడు కాదు. చీమ కుట్టినా కాలు విదిల్చేవాడు కాదు. తిరిగొచ్చిన తూనీగ ముల్లు కనబడక కాసేపు తచ్చాడి, సరే ఇదీ కంచేలే అనుకుని వేలి మీద వాలేది. వాలగానే మూసేవాడు కాదు. దాన్ని కుదురుకోనిచ్చి, రెక్కలు కిందికి దించాక, బొటనవేలు నెమ్మదిగా వంచి దాని కాళ్ళ మీద ఆనించేవాడు. దారం గీరం ఏమీ లేదు. కాసేపు చూసి వదిలేసేవాడు. అవి కూడా వాడి మీద కోపం లేనట్టు మళ్ళీ వచ్చేవి.

ఇదంతా జరగాలంటే బొంగరం దగ్గరలో ఉండకూడదు. "అక్కడ ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని నిలబడు, ఇటు రాకు, గెంతకు" అని చెప్పి వెళ్ళేవాడు. ఆమె నిలబడేది. అంటే నిలబడదామనే అనుకునేది. గోడ పక్క ఇటుక మీదికెక్కేది, దిగేది, నీడని తొక్కేది, చివరికి వాడి చేతి మీద తూనీగ వాలబోతోందన్న సంబరం పట్టలేక పరిగెత్తుకొచ్చేది. తూనీగ పోయేది. అన్నయ్య "ఛ" అనేవాడు, అంతే.

ఒకరోజు ఎన్నడూ రానిది ఒకటి వచ్చింది. పెద్దది, రెక్కలకి పొగ పట్టినట్టు గోధుమరంగు. దానికోసం అన్నయ్య పొద్దున్నుంచీ అన్నం మానేసి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఐసు బండి మీంచి ఒక పెద్ద దిమ్మ జారి రోడ్డు మీద పడి ముక్కలైంది, పిల్లలంతా ఎగబడ్డారు. బొంగరం రెండు చేతుల్లో ఐసు పట్టుకుని అరుచుకుంటూ అన్నయ్య దగ్గరికి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే పెద్ద తూనీగ వాడి వేలికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ కేకలకి ఎగిరిపోయింది, మళ్ళీ ఆ జాగాలో ఎవరికీ కనబడలేదు. వాడు కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చేతిలో కరుగుతున్న ఐసు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "నీవల్ల కాదులే, నువ్వు తిరుగు" అన్నాడు.

అప్పట్నుంచి ఎవరు ఆమెని కూర్చోమన్నా అడ్డుపడేది అన్నయ్యే. "దాన్ని తిరగనివ్వండి" అనేవాడు. పెళ్ళిచూపుల్లో అదే మాట, అమ్మ మంచం దగ్గరా అదే మాట. అన్నయ్య తనని ఎంత వెనకేసుకొస్తాడో అని చాలాకాలం మురిసిపోయింది. అది వెనకేసుకురావడం కాదనీ, తన మీద ఆశ వదులుకోవడమనీ అర్థమవడానికి తల నెరవాల్సొచ్చింది.

సరే, ఇప్పుడు వార్డులో ఆ వేలు గాల్లో నిలబడి ఉంది. "అన్నయ్యా, ఇక్కడ తూనీగలు లేవు" అని చెప్పి చూసింది. గోడకి చెప్పినా ఒకటే. వేలు దిగి గొట్టం మీదికి పోయింది. ఆపింది. మళ్ళీ లేచింది.

అప్పుడు ఆమె తన చూపుడువేలు తీసుకెళ్ళి అతని వేలి మీద పెట్టింది. గట్టిగా ఆనించేసరికి ఈగని తోలినట్టు విదిలించేశాడు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ విదిలించాడు. మూడోసారి పక్కనుంచి, తగిలీ తగలనట్టు, వేలి కొన మాత్రం ఆనించి బరువంతా తన భుజంలోనే ఉంచుకుంది. అన్నయ్య కదల్లేదు. చూపు ఫ్యాను మీంచి కిందికి దిగింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బొటనవేలు నెమ్మదిగా వంగి ఆమె గోరు మీద ఆనింది. అతని నుదుటి మీద ముడతలు విడిపోయాయి. అతని చెయ్యీ ఆమె చెయ్యీ కలిసే మెల్లగా దుప్పటి మీదికి దిగాయి, ఆమె వేలు లోపలే ఉంది.

ఆ సంతోషం ఆపుకోలేకపోయింది. "సిస్టర్, ఇటు చూడండి" అని వెనక్కి తిరిగింది. తిరిగేసరికి వేలు కదిలింది. బొటనవేలు విడిపోయింది, చెయ్యి ఎగిరి గొట్టాన్ని ఒడిసిపట్టుకుంది. ముక్కు మీద ప్లాస్టరు సగం ఊడొచ్చింది. ఆమె అరిచింది. నర్సు పరిగెత్తుకొచ్చి పిడికిలి విడదీసి, గొట్టం ఎంత బయటికొచ్చిందో చూసి, ఊపిరి పీల్చుకుని ప్లాస్టరు మళ్ళీ అంటించింది. జేబులోంచి గాజుగుడ్డ చుట్ట తీసి మంచం మీద, అందరికీ కనబడేలా పెట్టింది.

"ఇంకోసారి ఇలా అయితే కట్టేస్తానమ్మా. నాకు వార్డు నిండా మనుషులున్నారు. ఆయనకేదన్నా అయితే మీరూ ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను. ఏడవడానికి కూడా నాకు టైము లేదు."

"ఇంకోసారి అవదు సిస్టర్" అంది బొంగరం. ఆ మాట ఎంత నిజమో ఆమెకే తెలీదు.

వేలు మళ్ళీ లేచింది. ఆమె మళ్ళీ వాలింది.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది అసలు బాధ. ముందు కుడి మడమలో దురద. తర్వాత మోకాలి వెనక ఏదో పాకినట్టు. స్టూలు కాళ్ళలో ఒకటి పొట్టి, ఆమె ఊపిరి గట్టిగా పీలిస్తే అటు ఒరుగుతుంది. అందుకని ఊపిరి కూడా సగం సగం పీల్చింది. వరండాలో చక్రాల బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ పోతుంటే ఆమె ప్రాణమంతా దాని వెంటే పోయింది. ఎవరిదో, ఎక్కడికి పోతోందో, లేచి చూస్తే గానీ మనసు నిలవదు. మూలన కుళాయి కారుతోంది. ఎవరూ కట్టరేం? తను వెళ్ళి కడితే ఎంతసేపు? కిటికీ రెక్క కొట్టుకుంటోంది. తాగేనీళ్ళ సీసా మూత సరిగ్గా పెట్టలేదు. ప్రపంచంలో ఉన్న పనులన్నీ ఆ మధ్యాహ్నమే ఆమె కోసం కాచుకుని కూర్చున్నాయి. ఫోను కొంగులో జుయ్యిమంది, ఎవరో తెలుసుకోలేదు. మీ వీధిలో ఆ నెల బిల్లు ఆలస్యమై ఉంటే దానికి కారణం ఇదీ.

డ్రైవరుగారు ఆమె వంక ముచ్చటగా చూశాడు. "కూర్చోవడం కష్టంగా ఉన్నట్టుంది. నన్ను చూడండి, జీవితమంతా కూర్చునే ఊళ్ళన్నీ తిరిగాను" అన్నాడు.

"నేను జీవితమంతా తిరిగి ఎక్కడికీ పోలేదు లెండి" అంది ఆమె పెదాలు కదిలీ కదలకుండా.

ఏడుపొచ్చింది. ముక్కు కారింది, తుడుచుకోవడానికి అన్నయ్య ఎడమచేతి మీదున్న రెండో చెయ్యి ఎత్తితే స్టూలు ఊగుతుందని అలాగే వదిలేసింది. ఈ మనిషి ఎండలో తిండి లేకుండా రోజంతా ఇలా నిలబడేవాడా? ఒక పురుగు కోసం? ఆ రోజు తను పరిగెత్తుకెళ్ళినప్పుడు చెంప పగలగొట్టకుండా ఎలా ఊరుకున్నాడు? ఇంత ఓర్పున్నవాడికి తన మీద ఆశ వదులుకోవడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? అన్నయ్య మీద ప్రేమా, కోపమూ ఒక్కసారే వచ్చాయి. నన్ను ఇంకొక్కసారి గోడ దగ్గర నిలబెట్టి చూడాల్సిందిరా, ఎప్పటికైనా నేర్చుకునేదాన్నేమో, అనుకుంది.

ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళ దాకా పాకింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. మధ్యమధ్య తెరిచి, వేలి వంక చూసి, ఉందని నిశ్చయం చేసుకుని మళ్ళీ మూస్తున్నాడు.

అప్పుడు నర్సు చీటీ ఒకటి పట్టుకొచ్చింది. "అమ్మా, ఇంజక్షన్ స్టాకు లేదు. కింద మందుల షాపులో తెచ్చిపెట్టాలి, ఇప్పుడే వెయ్యాలి. మీరు వెళ్ళి రండి, వచ్చేదాకా చేతులు కట్టేసి ఉంచుతాను, అయిదు నిమిషాలేగా."

బొంగరం లేచిపోయింది. నిజంగా లేవలేదు గానీ ఒళ్ళంతా లేచింది, పిక్కలు బిగిశాయి, మడమలు నేలని తన్నాయి. ఇది తన తప్పు కాదు, ఇది మందు, అన్నయ్య కోసమే. మెట్లు దిగడం, షాపు ముందు గుంపులో తోసుకోవడం, చిల్లర కోసం గొడవపడటం, మళ్ళీ మెట్లెక్కడం, ఆ మెట్ల మీద ఎంత హాయి ఉంటుందో ఆమె కాళ్ళకి తెలుసు. స్టూలు ఒరిగింది. గోరు మీద బొటనవేలు బిగిసింది. అన్నయ్య కళ్ళు తెరవకుండానే ముఖం ముడుచుకున్నాడు.

ఆమె మళ్ళీ స్టూలు మీదికి బరువు దించింది.

"నేను లేవను సిస్టర్."

"మందు కావాలమ్మా."

"కావాలి. నేను మాత్రం లేవను." డ్రైవరుగారి వైపు తల తిప్పకుండా, కళ్ళు మాత్రం తిప్పి, "బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను, పెట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. నా సంచిలో డబ్బులున్నాయి. కాస్త కిందికెళ్ళి తెచ్చిపెట్టరా?" అంది.

జీవితమంతా కూర్చుని ఊళ్ళు తిరిగినాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "తమ్ముణ్ణి కాస్త చూస్తుండండి" అన్నాడు. "చూడ్డం వరకూ చూస్తాను" అంది బొంగరం. ఆయన నవ్వుకుంటూ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. నర్సు మంచం మీద గాజుగుడ్డ చుట్ట వంక చూసి, ఏమనుకుందో తీసి జేబులో వేసుకుంది.

వదిన వచ్చేసరికి వార్డులో లైట్లు వేస్తున్నారు. నిద్రపోయి లేచి, తడి జుట్టు ముడేసుకుని, దారి పొడుగునా ఏ కబురు వినాల్సొస్తుందోనని గుండె చిక్కబట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. స్టూలు మీద ఆడపడుచు ఉంది. వెళ్ళేటప్పుడు ఎటు తిరిగి కూర్చుందో అటే తిరిగి ఉంది. చెంపల మీద కన్నీళ్ళు ఆరిపోయి చారలు కట్టాయి, మెడ ఒకపక్కకి బిగుసుకుపోయింది. ఈమె ఇలా కూర్చుందంటే మంచం మీద మనిషికి ఏదో అయిందనే అనుకుంది వదిన. దగ్గరికి రావడానికి ధైర్యం చాల్లేదు.

డ్రైవరుగారు చెయ్యి ఊపి, ఏం లేదు రమ్మన్నట్టు సైగ చేశాడు.

వదిన అడుగుల చప్పుడుకో, లైటు వెలుగుకో అన్నయ్య కళ్ళు తెరిచాడు. ఫ్యాను వంక చూడలేదు. పెళ్ళాం వంక చూశాడు, పోల్చుకున్నాడు. గొంతు ఎండిపోయి మాట గీరుకుంటూ వచ్చింది.

"ఎప్పుడొచ్చావు?"

వదిన నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. అన్నయ్య తల మెల్లగా ఇటు తిప్పాడు. స్టూలు మీద చెల్లెల్ని చూశాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. అతని మొహంలో మొదటిసారి గాభరా కనబడింది.

"దీనికేమైంది?" అన్నాడు పెళ్ళాంతో. "ఒంట్లో బాగాలేదా? కూర్చుందేం?"

మూడు రోజులూ బిగబట్టుకున్న వదిన మంచం కడ్డీ పట్టుకుని భోరుమంది. అన్నయ్యకి భయం ఇంకా ఎక్కువైంది. "ఏమైందో చెప్పవే" అని చెల్లెల్నే అడిగాడు.

"నాకేం కాలేదు అన్నయ్యా."

"మరి లే. లేచి కాసేపు తిరుగు. నువ్విలా ఉంటే నాకేదోలా ఉంది."

"ఎలా లేవను? నా వేలు నీ దగ్గరుంది" అంది బొంగరం.

అన్నయ్య దుప్పటి మీదికి చూసుకున్నాడు. తన చేతిలో ఆమె వేలు ఎందుకుందో, ఎప్పట్నుంచి ఉందో అతనికి ఏమీ తెలీదు. వాచిన ఆ బొటనవేలి వంక చాలాసేపు చూశాడు. చూశాక కూడా వదల్లేదు.